ఫాగింగ్ తర్వాత గదిలో మిగిలే పెరాక్సైడ్ ఆవిరిని కాటలిస్ట్ పెట్టెతో తీసేయడం ఎలా?

"ఫాగింగ్ అయిపోయింది, వాసన కూడా పోయింది. ఇక తలుపు తీసేయొచ్చా అండీ?" శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి వైపు చిన్న నర్సింగ్ హోముల ఓటీ (ఆపరేషన్ గది) సిబ్బంది, పెరటి గదిలో పుట్టగొడుగుల విత్తనం తయారుచేసుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఫాగింగ్ అంటే గదిలో సూక్ష్మజీవులు చావడానికి పెరాక్సైడ్ మందుని పొగమంచులా కొట్టడం. ఆ వెంటనే ఇంకోటి అడుగుతారు: "ఫార్మా కంపెనీల్లో ఆవిరిని విరగ్గొట్టే కాటలిస్ట్ యంత్రాలు ఉంటాయట కదా, అలాంటిది మనం పెట్టుకోలేమా?"

మొదటిదానికి జవాబు: వాసన చూసి తలుపు తీయకండి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి ఫినాయిల్‌లాగా ముక్కు పట్టేసే వాసన ఉండదు. కళ్లు మండి, గొంతు గీరుకుపోయేసరికి పీల్చకూడనంత పీల్చేసి ఉంటారు. రోజుకి 8 గంటల పనికి అమెరికాలో పనిచోట భద్రత చూసే ఓషా సంస్థ పెట్టిన హద్దు 1 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు. 75 పీపీఎం అంటే ప్రాణం మీదకి వచ్చే స్థాయి. ఫాగింగ్ జరుగుతున్నప్పుడు గదిలో వందల పీపీఎం ఉండొచ్చు.

రెండోదానికి జవాబు: పెట్టుకోవచ్చు. ఖర్చు కూడా భయపడేంత కాదు. కాకపోతే కాటలిస్ట్‌గా పనిచేసి ఆవిరిని నీరు, ఆక్సిజన్‌గా విరగ్గొట్టే మాంగనీస్ గుళికలు కొని ఒక మూల పెట్టేస్తే పని జరగదు. గదిలో గాలి మొత్తం ఆ గుళికల మధ్య నుంచి మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఈ పనిలో తప్పులు ఎక్కువగా ఇక్కడే వస్తాయి.

ముందు ఇవి చూసుకోండి

బయటికి గాలి తోసే ఎగ్జాస్ట్ ఉండి, అది పక్కింటి కిటికీ వైపు కాకుండా పైకప్పు మీదకి వెళ్తుంటే మీకు ఈ పెట్టె అక్కర్లేదు. మందు లేబుల్ మీద రాసిన సమయం అయ్యాక ఆ ఎగ్జాస్టే వేసుకోండి. అంతకన్నా మంచి దారి లేదు. ఇల్లే హాస్పిటల్‌గా మారి గోడకి గోడ ఆనుకుని ఉన్నవాళ్లకి, కిటికీ తీస్తే తేమ, బూజు లోపలికి వస్తాయని భయపడే పుట్టగొడుగులవాళ్లకి ఈ పెట్టె పనికొస్తుంది. అక్టోబరు తుఫాను రోజుల్లో స్పాన్ (పుట్టగొడుగుల విత్తనం) గది కిటికీ తీస్తే చేసిన శుద్ధి అంతా వృథా అన్న మాట నిజమే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ పెట్టె హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి, ఓజోన్‌కి మాత్రమే. ఫార్మలిన్ వాడేవాళ్లకి ఇది పనికిరాదు. మామూలు గది వేడిలో మాంగనీస్ గుళికలు ఫార్మాల్డిహైడ్‌ని నమ్మదగినంత వేగంగా తీయలేవు. ఫార్మలిన్ తర్వాత అమ్మోనియా పెట్టే పాత పద్ధతి వేరు, ఆ ప్రమాదాలు వేరు. క్యాన్సర్ కారకమని తేలిన ఫార్మలిన్‌ని వదిలేసి పెరాక్సైడ్‌కి మారండని అడిగినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాను. బ్లీచింగ్, క్లోరిన్ వాడే గదిలో కూడా ఈ పెట్టె పెట్టకండి. పెరాసిటిక్ ఆమ్లం కలిసిన మందు వాడితే పెరాక్సైడ్ పోతుంది గానీ వెనిగర్ ఘాటు మిగిలిపోతుంది.

కావలసినవి

మాంగనీస్ డయాక్సైడ్ గుళికలు, 5 లీటర్ల పరిమాణం. బోరు నీళ్లలో ఇనుము తీసే ఫిల్టర్లలో పోసే నల్ల గుళికలు ఇవే. వాటర్ ప్లాంట్ సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. 3 నుంచి 5 మిల్లీమీటర్ల సైజు అడగండి. ఇసుకలా సన్నగా ఉండేవి తీసుకుంటే గాలి దూరదు. సంచి మీద కేజీలు రాసి ఉంటాయి, మీకు కావలసింది లీటర్లు. ఒక లీటరు మగ్గుతో కొలిచి తీసుకోండి. గుళికలు బరువుగా ఉంటాయి కాబట్టి 5 లీటర్లంటే దాదాపు 8 నుంచి 10 కేజీలు రావచ్చు.

ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టె, అందులో 45 సెంటీమీటర్ల చదరపు ట్రే. మామూలు ఇనుము వద్దు, తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మెష్ రెండు ముక్కలు. ప్లాస్టిక్ బాడీ ఉన్న 6 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ (గొట్టం మధ్యలో బిగించేది), డబ్బా మీద 300 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి) లేదా అంతకన్నా ఎక్కువ రాసి ఉన్నది. వంటింటి గోడకి బిగించే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పనికిరాదు. గుళికల అడ్డం దాటించి గాలిని లాగే బలం దానికి ఉండదు. ముందు ఒక ఉతికే ఫిల్టర్, వెనక ఒక సన్న ఫిల్టర్. ఓటీ అయితే వెనక అతి సన్న దుమ్ముని కూడా ఆపే హెపా ఫిల్టర్ తప్పనిసరి. రబ్బరు గాస్కెట్, నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు.

అన్నిటికన్నా ముఖ్యం హైడ్రోజన్ పెరాక్సైడ్ గ్యాస్ మీటర్, 0 నుంచి 20 పీపీఎం చూపేది. దీనికే డబ్బు ఎక్కువ అవుతుంది. కొనలేకపోతే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి, లేదా ఒకసారికి వాడి పారేసే గ్యాస్ డిటెక్టర్ ట్యూబులు, వాటి పంపు తెచ్చుకోండి. మీటరూ లేకుండా, ట్యూబూ లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టకండి.

చాలామంది ప్రత్యామ్నాయాలు అడుగుతారు. అల్యూమినా మీద ప్లాటినం, పల్లాడియం పూసినవి చాలా బాగా పనిచేస్తాయి, ధర మాత్రం మనలాంటివాళ్లకి అందదు. పైగా సిలికాన్, గంధకం ఆవిర్లు తగిలితే పాడవుతాయి. తేనెపట్టులా కన్నాలుండే అల్యూమినియం పలకకి మాంగనీస్ పూసిన ఓజోన్ ఫిల్టర్ దొరికితే తీసుకోండి. గాలికి అడ్డం తక్కువ, దుమ్ము తక్కువ. యాక్టివేటెడ్ కార్బన్ కూడా పెరాక్సైడ్‌ని విరగ్గొడుతుంది, కానీ గాఢత ఎక్కువగా ఉన్నప్పుడు బొగ్గు వేడెక్కి మంట అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే నేను వద్దంటాను. బంగాళాదుంప ముక్క వేస్తే పెరాక్సైడ్ నురగలు కక్కడం స్కూల్లో చూసినవాళ్లు అలాంటిదేదైనా వాడొచ్చా అని అడుగుతారు. అది ఎంజైమ్ పని, ద్రవంలోనే జరుగుతుంది. గాలిలో ఉన్న ఆవిరికి పనికిరాదు.

ఇక విజయనగరం వైపు గరివిడి, గర్భాంలో దొరికే మాంగనీస్ రాయి సంగతి. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో మొదలైందే ఇటు విజయనగరం వైపు. "ఇంటి పక్కనే ఖనిజం ఉంటే గుళికలు కొనడం దేనికి?" అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ రాయి ముక్క మీద పెరాక్సైడ్ చుక్క వేస్తే నిజంగానే బుసబుసమని పొంగుతుంది. కానీ గట్టి రాయికి లోపల సన్న రంధ్రాలు తక్కువ, గాలి తగిలే చోటు తక్కువ. కొట్టి పొడి చేస్తే దుమ్ము లేస్తుంది. మాంగనీస్ దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతిని చేతులు వణికే జబ్బు వస్తుంది. రాయి వద్దు, గుళికలే కొనండి.

చేసే పద్ధతి

1. గుళికలు బతికి ఉన్నాయో లేదో చూడండి. మెడికల్ షాపులో దొరికే 6 శాతం పెరాక్సైడ్ సీసా తెచ్చుకోండి, దాని మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. గాజు గ్లాసులో రెండు వేళ్ల మందం పోసి నాలుగు గుళికలు వెయ్యండి. మంచివైతే వేసీ వేయగానే గుళిక చుట్టూ తెల్లటి సన్న బుడగలు లేచి, నిమిషంలోపే గ్లాసు సోడాలా పొంగుతుంది, అడుగు చేతికి వెచ్చగా తగులుతుంది. ఆర్పిన అగరబత్తి నిప్పుని గ్లాసు పైన పెడితే ఎర్రగా రాజుకుంటుంది, వచ్చేది ఆక్సిజన్ కాబట్టి. ఒకటీ అరా బుడగలు బద్ధకంగా వస్తే ఆ సరుకు వెనక్కి ఇచ్చేయండి. గ్లాసు మీద మూత పెట్టకండి, లోపల ఒత్తిడి పెరిగి పేలుతుంది. పరీక్షకి వాడిన ద్రవాన్ని సీసాలోకి తిరిగి పోయకండి.

2. కడిగి ఎండబెట్టండి. ఆరుబయట, ముక్కుకి మాస్కు కట్టుకుని, జల్లెడలో వేసి నల్లటి నీళ్లు పోయేదాకా కడగండి. మామూలు నీళ్లే చాలు. తళతళలాడాలని బాత్రూమ్ యాసిడ్ మాత్రం పోయకండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మాంగనీస్ డయాక్సైడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. క్లోరిన్‌ని మొదటిసారి తయారుచేసింది ఆ రెండూ కలిపే. తర్వాత గుడ్డ మీద పరిచి మంచి ఎండలో రెండు రోజులు ఆరనివ్వండి. చేత్తో పిడికెడు పట్టుకుంటే చల్లగా అనిపించకూడదు.

3. ట్రే అడ్డంగా, నేలకి సమాంతరంగా ఉండేలా బిగించండి. ఇది చాలామంది పట్టించుకోరు. నిలువుగా పెడితే నాలుగు రోజులకి గుళికలు కిందకి సర్దుకుని పైన వేలెడు సందు తెరుచుకుంటుంది. గాలి అంతా ఆ సందులోంచే పోతుంది, ఫ్యాన్ తిరుగుతున్నా పని సున్నా. కింద ఒక మెష్, దాని మీద రెండున్నర సెంటీమీటర్ల మందాన సమంగా గుళికలు, పైన ఇంకో మెష్. అంచుల చుట్టూ గాస్కెట్.

4. వరస ఇలా ఉండాలి: ముందు ఉతికే ఫిల్టర్, తర్వాత గుళికలు, తర్వాత సన్న ఫిల్టర్, చివర ఫ్యాన్. గాలి పై నుంచి కిందకి లాగితే గుళికలు కదలకుండా కూర్చుంటాయి. ఫ్యాన్ చివర ఉంటే మోటారుకి శుభ్రమైన గాలే తగులుతుంది. ముందు ఫిల్టర్ ఎందుకంటే, మనం వాడే మందులు చాలావాటిలో వెండి కూడా ఉంటుంది. పొగమంచులా తేలే ఆ చుక్కలు నేరుగా గుళికల మీద పడితే త్వరగా మూసుకుపోతాయి.

5. గాలి నిజంగా వస్తోందా కొలవండి. డబ్బా మీద రాసిన సీఎఫ్ఎం ఖాళీ ఫ్యాన్‌కి. గుళికలు, ఫిల్టర్లు అడ్డం వచ్చాక సగమే లెక్కేసుకోండి. కొలవడానికి 100 లీటర్ల చెత్త సంచిని నలిపి గాలి లేకుండా చేసి ఫ్యాన్ మూతికి పెట్టండి. 150 సీఎఫ్ఎం వస్తుంటే సంచి సుమారు ఒకటిన్నర సెకన్లలో ఉబ్బుతుంది. ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా చూస్తే తెలుస్తుంది. నాలుగు సెకన్లు పడితే ఎక్కడో మూసుకుపోయిందని అర్థం.

6. పెట్టెని గదిలో ఒక చివర పెట్టి, ఫ్యాన్ గాలి గది అవతలి మూలకి కొట్టేలా తిప్పండి. ప్లగ్ గది బయట ఉండాలి. స్విచ్ వెయ్యడానికి లోపలికి వెళ్లాల్సి వస్తే ఈ ఏర్పాటే దండగ. సీలింగ్ ఫ్యాన్ స్విచ్ బయట ఉంటే దాన్ని కూడా చిన్న స్పీడులో వేసుకోవచ్చు, మూలల్లో ఆగిన ఆవిరి కదులుతుంది.

7. ఫాగింగ్ చేసేటప్పుడు, మందు పనిచేసే సమయమంతా పెట్టె ఆపి, దాని మూతులకి ప్లాస్టిక్ మూతలు ఉండాలి. ఆ సమయం మందు లేబుల్ మీద రాసి ఉంటుంది. ఫాగర్‌తో పాటు పెట్టె కూడా నడిపితే సూక్ష్మజీవులు చావకముందే గుళికలు మందుని తినేస్తాయి. గది శుద్ధి అయిందని మీరు అనుకుంటారు, అయ్యుండదు. మూతలకి తాడు కట్టి తలుపు కింద నుంచి బయటికి తెచ్చుకుంటే లోపలికి వెళ్లకుండానే లాగేయొచ్చు. తాడు పోయే సందుని టేపుతో మూసుకోండి.

8. సమయం అయ్యాక మూతలు లాగి ఫ్యాన్ వెయ్యండి. ఎంతసేపు? 12 అడుగుల చదరం, 10 అడుగుల ఎత్తు గది అంటే 1440 ఘనపు అడుగులు. 150 సీఎఫ్ఎం నిజంగా వస్తుంటే దాదాపు 10 నిమిషాలకి గది గాలి అంతటికీ సమానమైన గాలి గుళికల్లోంచి వెళ్తుంది. ఒక్క తిప్పుకే ఆవిరి అంతా పోదు, ఎందుకంటే శుభ్రమైన గాలి, ఇంకా శుభ్రం కాని గాలి కలిసిపోతూ ఉంటాయి. 300 పీపీఎం నుంచి 1కి దిగడానికి సుమారు 7 తిప్పులు కావాలి. అంటే 70 నిమిషాలు. గోడలు, పరుపులు పీల్చుకున్నది మళ్లీ వదులుతుంది కాబట్టి రెండు గంటలు అనుకోండి. ఈ లెక్క మీటరు ఎప్పుడు పెట్టాలో తెలుసుకోవడానికి మాత్రమే. లెక్క చూసి తలుపు తీయకండి.

9. మీటరుతో చూడండి. తలుపుకి చిన్న కన్నం పెట్టి ట్యూబుతో గాలి లాగి చూడగలిగితే అన్నిటికన్నా మేలు. మీటరుని ఫాగింగ్ సమయంలో లోపల వదిలేయకండి, వందల పీపీఎం తగిలితే దాని సెన్సార్ దెబ్బతింటుంది. కొన్ని సెన్సార్లు శానిటైజర్ స్పిరిట్ ఆవిరికి కూడా అంకెలు చూపిస్తాయి, చేతులకి రాసుకుని వెంటనే మీటరు పట్టుకోకండి.

10. 1 కన్నా తక్కువ చూపిస్తే ఫ్యాన్ ఆపేసి 20 నిమిషాలు ఆగండి. మళ్లీ కొలవండి. అంకె అలాగే ఉంటే తలుపు తీయొచ్చు. తిరిగి పెరిగితే గదిలో ఏదో వస్తువు ఆవిరి వదులుతోందని అర్థం, ఇంకో గంట నడపండి. లోపలికి వెళ్లాక బల్ల కింద, ఫాగర్ పెట్టిన చోట తడి మడుగులు ఉన్నాయేమో చూసి, గ్లౌజులు వేసుకుని తడిగుడ్డతో తుడవండి. గాలిలోది పోయినా నేల మీది ద్రవం అలాగే ఉంటుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

ఫ్యాన్ మూతి దగ్గర మీటరు పెట్టి "సున్నా వచ్చింది" అనుకోవడం. అక్కడ ఎప్పుడూ సున్నాయే వస్తుంది, గాలి గుళికల్లోంచి అప్పుడే వచ్చింది కదా. పెట్టెకి దూరంగా ఉన్న మూలలో, పరుపు పక్కన, అలమర తలుపు లోపల చూడాలి.

గదిలో అట్టపెట్టెలు, కాటన్ దుప్పట్లు, ఫోమ్ దిండ్లు, స్పాన్ గదిలో అయితే గడ్డి సంచులు వదిలేయడం. ఇవి పెరాక్సైడ్‌ని పీల్చుకుని గంటల తరబడి వదులుతాయి. పదో మెట్టులో అంకె తిరిగి పెరిగే గదుల్లో నేను చూసినంతవరకు కారణం ఎక్కువగా ఇదే. ఫాగింగ్‌కి ముందే బయట పెట్టేయండి.

తలుపు సందులు మూయకపోవడం. కారిడార్‌లో బల్ల మీద కూర్చున్న పేషెంటు బంధువుల కళ్లు మండుతాయి, లోపల ఉన్నవాళ్లకి తెలియదు. తలుపు చుట్టూ టేపు వెయ్యండి, పక్క గదితో కలిసిన డక్టు ఏసీ ఉంటే ఆపెయ్యండి, తలుపుకి బోర్డు తగిలించండి.

ఎన్95 మాస్కు కట్టుకుని "ఒక్క నిమిషం" అని లోపలికి దూరడం. అది దుమ్ముని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. దయచేసి ఈ పని చేయకండి. ఓటీ బాయ్‌ని కూడా పంపకండి. కరెంటు పోయి ఫ్యాన్ ఆగినా అంతే. ఇన్వర్టర్‌కి కలిపి పెట్టుకోండి, లేకపోతే కరెంటు వచ్చేదాకా తలుపు మూసే ఉంచండి.

గాఢమైన పెరాక్సైడ్ క్యాన్‌ని పెట్టె పైన పెట్టడం. ఆవిరి విరిగినప్పుడు పుట్టే వేడి లెక్కలోకి రాదు, 300 పీపీఎం గాలికి ఒక డిగ్రీ పెరిగితే ఎక్కువ. అదే 35 శాతం ద్రవం గుళికల మీద ఒలికితే సలసలా మరిగి ఆవిరి చిమ్ముతుంది, ఒళ్లు కాలుతుంది. క్యాన్లు ఇంకో గదిలో, నీడలో ఉండాలి.

ఓటీవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. పెట్టె కొత్తగా పెట్టాక గదిలో స్పోర్ స్ట్రిప్పులు (తేలిగ్గా చావని బ్యాక్టీరియా బీజాలు పూసిన ముక్కలు) ఉంచి ఒకసారి పూర్తి ఫాగింగ్ చేసి ల్యాబ్‌లో చూపించుకోండి. పెరాక్సైడ్‌కి వాడేది జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ స్ట్రిప్పు. పెట్టె మూతలు సరిగ్గా పడకపోతే, మందు పనిచేసే టైంలోనే కొంత ఆవిరి తగ్గిపోతే, ఆ సంగతి ఇందులోనే బయటపడుతుంది. మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ బాధ్యత చూసే డాక్టరుగారికి చెప్పకుండా పెట్టె వాడకండి. ఆపరేషన్ మొదలయ్యే ముందు పెట్టెని బయటికి తీసేయండి.

తర్వాత చూసుకోవలసినవి

గుళికలు అరిగిపోవు, మూసుకుపోతాయి. మన తీరంలో ముఖ్య శత్రువు తేమ. వర్షాకాలంలో నీళ్లు రంధ్రాల్లో నిలిచి ఆవిరిని లోపలికి రానివ్వవు. వాడని రోజుల్లో రెండు మూతులూ మూసి ఉంచండి. ఇదివరకు 70 నిమిషాల్లో దిగే అంకె రెండు గంటలకి గానీ దిగకపోతే, ముందు చెత్త సంచితో గాలి కొలవండి. గాలి తగ్గితే ఫిల్టర్ ఉతకండి. గాలి బాగానే ఉంటే గుళికలు తీసి ఎండలో ఆరబెట్టి, కొత్తప్పుడు దాచిన నాలుగు గుళికలు ఒక గ్లాసులో, పాతవి నాలుగు ఇంకో గ్లాసులో వేసి పక్కపక్కన చూడండి. అందుకే మొదటి రోజే పిడికెడు గుళికలు చిన్న డబ్బాలో గట్టిగా మూత పెట్టి దాచుకోమంటున్నాను. పాతవి స్పష్టంగా వెనకబడితే మార్చేయండి. తీసిన గుళికలు తడిపి, దుమ్ము లేవకుండా సంచిలో కట్టి వేరుగా పారవేయండి. చెరువు గట్టునో పొలం గట్టునో పోయకండి.